గొడుగు చాటు మనిషి

ఆవిడకి పొగరని మా పేటలో పేరు. జగ్గయ్యపేటని మేం పేట అనే అంటాం. ఆవిడ ఉండేది నందిగామలో. అయినా ఏదో ఒక పని మీద తరచు ఇక్కడికి వచ్చేది. బస్సు దిగిందంటే నల్ల గొడుగు విప్పేది. ఎండా వానా అని చూసేది కాదు, మబ్బు పట్టి చల్లగా ఉన్నా గొడుగే. ఎదురుగా తెలిసిన మొహం వస్తోందంటే ఆ గొడుగు అటువైపుకి ఒరిగేది. మనం దగ్గరికి వెళ్ళేసరికి నల్లగుడ్డా చువ్వలూ తప్ప మనిషి కనబడదు. "అబ్బో, మహారాణీగారు! మనల్ని చూస్తే కళ్ళు అరిగిపోతాయి కాబోలు" అని కూరల బజార్లో నా ముందే అన్నారు. నాకు మాట్లాడే వీలు లేదు. ఆవిడ ఈమధ్యే పోయింది. ఇప్పుడూ పెద్దగా వీలు లేదు. అందుకే పేరు రాయడం లేదు. ఈ రాసేదాంట్లో ఊరు మార్చానో, సందు మార్చానో కూడా చెప్పను. ఎవరూ వెతక్కండి.

నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. మా ఆయన పోయాక ఇంట్లో మాట్లాడేది నేనూ, టీవీ. అలాంటి రోజుల్లో ఒకనాడు ఆవిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మజ్జిగ ఇస్తే గుక్కలో తాగేసి, ఏమాత్రం మొహమాటం లేకుండా ఇంకో గ్లాసు అడిగింది. నందిగామలో ఆడపిల్లల కోసం ఒక ఇల్లు నడుపుతున్నానని చెప్పింది. పని ఇప్పిస్తామనో, పెళ్ళి చేసుకుంటామనో నమ్మించి తీసుకుపోయి ఊరుగాని ఊళ్ళో అమ్మేసిన పిల్లలు. పదిహేనేళ్ళవాళ్ళు, పదహారేళ్ళవాళ్ళు. పోలీసులు విడిపించి తెస్తే, పిల్లల సంక్షేమ కమిటీవాళ్ళు ఆవిడ దగ్గర ఉంచుతారు. వాళ్ళ తిండికీ, మందులకీ, కోర్టు తిరుగుళ్ళకీ, వారం వారం విజయవాడ నుంచి వచ్చి వాళ్ళతో కూర్చుని మాట్లాడే డాక్టరమ్మకీ ఖర్చు పెట్టేది ఒక విదేశీ సంస్థ. వాళ్ళ హైదరాబాదు ఆఫీసు నుంచి గ్రాంటు వస్తుంది. గ్రాంటు ఆగకుండా ఉండాలంటే రిపోర్టులు పంపాలి, అవి ఇంగ్లీషులో ఉండాలి.

"నా ఇంగ్లీషు బస్సు బోర్డు చదవడానికి సరిపోద్దండీ, గ్రాంటు తేవడానికి చాలదు" అంది.

నవ్వొచ్చింది నాకు. రాసిపెడతానన్నాను. గుమ్మం దాటబోతూ నా చెయ్యి పట్టుకుని, "ఒక్కరే ఉంటున్నారుగా, వేళకి వండుకుంటున్నారా? లేకపోతే టీ తాగి పడుకుంటున్నారా?" అని అడిగింది. ఆ మాట నన్నెవరూ అడగక చాలా కాలమైంది. ఆ రాత్రి రెండు కూరలు చేసుకుని తిన్నాను.

ఆ వారమే బజార్లో ఎదురైంది. నేను పళ్ళన్నీ కనబడేలా నవ్వాను. గొడుగు నావైపుకి ఒరిగింది. నా మజ్జిగ తాగిన మనిషి నన్ను దాటుకుని చక్కా పోయింది. ఒళ్ళు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే నందిగామ బస్సెక్కాను, రిపోర్టు రాయడానికి కాదు, పోట్లాడ్డానికి.

ఆ ఇల్లు ఊరి చివర, రోడ్డుకి బాగా లోపలగా ఉంది. బయట బోర్డు మీద కుట్టు శిక్షణ అని తప్ప ఇంకేం లేదు. ఆవిడ వరండా మెట్టు మీద కూర్చుని ఒక పిల్లకి జడ అల్లుతోంది. నేను నిలబడే దులిపేసాను. "నేనేమన్నా మీ దగ్గర అప్పు చేసి తప్పించుకు తిరుగుతున్నానా? అవసరమైతే ఇంటికొస్తారు, బజార్లో కనబడితే మొహం తిప్పుకుంటారా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆవిడ తొందరపడలేదు. జడ పూర్తి చేసి, రిబ్బను కట్టి, పిల్లని లోపలికి పంపించి అప్పుడు నోరు విప్పింది.

"ఇక్కణ్ణించి వెళ్ళిన పిల్లలు ఈ చుట్టుపక్కలే ఉన్నారండీ. కొందరికి పెళ్ళిళ్ళయినాయి, కొందరు పనులు చేసుకుంటున్నారు. పేటలో ఉన్నారు, వత్సవాయిలో ఉన్నారు, కీసర అవతల ఉన్నారు. నేను బజార్లో పలకరించాననుకోండి, ఆవిడ నీకెలా తెలుసని ఇంటికెళ్ళాక అడుగుతారు. పిల్లేం చెప్పాలి? కట్టుకున్నవాడికి చెప్పాలో వద్దో అది దాని ఇష్టం. ఊరికి చెప్పాల్సిన పనేముంది?"

"బాగుంది. వాళ్ళని పలకరించకండి. నేనేం చేసాను మధ్యలో?"

"మిమ్మల్ని పలకరించి, వాళ్ళ దగ్గర తల తిప్పుకుంటే, ఎవరి దగ్గర తిప్పుకున్నానో చూసేవాళ్ళకి తెలిసిపోదూ? అందర్నీ మానేస్తే ఏ గొడవా లేదు."

కోపమంతా దిగిపోయి, ఆ మెట్టు మీదే ఆవిడ పక్కన కూర్చుండిపోయాను. ఒక మనిషి ఊళ్ళో బతుకుతూ, పలకరింపు అనేదాన్ని మొత్తంగా వదిలేసుకోవడం నేనెక్కడా వినలేదు. మనవాళ్ళకి పలకరింపే సగం బలం. తిన్నావా, ఎటు బయల్దేరావు, పిల్లలెలా ఉన్నారు అని అడిగే నాథుడు లేకపోతే మనిషి ఎండిపోతాడు. ఆవిడ చేజేతులా ఆ పని చేసుకుంది. పైగా ఆ పొగరనే పేరు విని సంతోషపడేది. "అననివ్వండి టీచర్‌గారూ. పొగరనుకుంటే ఇంకేం అనుకోరు" అనేది.

అప్పట్నుంచి రిపోర్టులు రాయడానికి వెళ్తూ వస్తూ ఆవిణ్ణి చూసాను. ముతక నేత చీర, చేతికి గడియారం, గాజుల్లేవు. అన్నం తినేటప్పుడు ఎప్పుడూ గుమ్మానికి అడ్డంగా కూర్చునేది. పిల్లల్లో ఎవరైనా రాత్రి ఏడిస్తే పొద్దున ఆ సంగతి ఎత్తేది కాదు, ఆ పిల్లకి జడ వేయడం మాత్రం బాగా ఆలస్యంగా అయ్యేది. చిక్కు లేకపోయినా చిక్కు తీస్తూ కూర్చునేది. ఏ పిల్లనీ ఏం జరిగిందని అడిగేది కాదు. "చెప్పాలనిపిస్తే అదే చెప్పుద్ది. మనకెందుకండీ, మనమేమన్నా జడ్జీలమా?" అనేది.

ఆ ఇంట్లోంచి ఒక పిల్ల బయటికి వెళ్ళే ముందు ఒక తంతు జరిగేది. పిల్ల వరండాకి ఆ చివర నుంచి నడిచి రావాలి. ఆవిడ గొడుగు వేసుకుని ఈ చివర నుంచి వస్తుంది. ఇద్దరూ మధ్యలో ఎదురుపడతారు. పిల్ల పక్కన అత్తగారి వేషం నాది. ఆవిడ దాటిపోయాక నేను, "ఎవరే ఆవిడ? నీకు తెలుసా?" అని అడగాలి. పిల్ల తడుముకోకుండా, "ఎవరో అత్తయ్యా, నేనెప్పుడూ చూడలేదు" అనాలి. గొంతు వణికితే ఆవిడ వెనక్కి తిరిగి, "మళ్ళీ" అనేది. కళ్ళు తడైతే మళ్ళీ. నా అత్తగారి వేషానికి నవ్వొస్తే అప్పుడూ మళ్ళీ. మిగతా పిల్లలు కిటికీలోంచి చూసి కిసుక్కున నవ్వేవాళ్ళు.

ఒక పిల్లకి ఇది బొత్తిగా పట్టుబడలేదు. ఆ పిల్లకి తల్లి లేదు. వచ్చిన కొత్తల్లో ఎవరితోనూ మాట్లాడేది కాదట, ఆవిడ చీర చెంగు పట్టుకుని తిరిగేదట. పద్దెనిమిది నిండాక పెళ్ళి కుదిరింది. కుర్రాడికి అంతా తెలుసు, అతని తల్లికి తెలియదు. రిహార్సల్లో ఆ పిల్ల ఎదురుగా వచ్చేది, గొడుగు దగ్గరికి రాగానే పరిగెత్తుకెళ్ళి ఆవిణ్ణి వాటేసుకునేది.

"రేపు నడిబజార్లో ఇలాగే వచ్చి మీద పడతావా?" అని కసిరింది ఆవిడ.

"మిమ్మల్ని చూసి తెలీదని ఎలా అనేది అమ్మా? నోరు రావట్లేదు."

"రాకపోతే తెచ్చుకో. నేను ఎదురుపడినా అదే మాట. నేను చచ్చానని విన్నా అదే మాట. ఊఁ, మళ్ళీ."

చివరికి వెళ్ళిపోయే రోజున ఆ పిల్ల గోడకేసి చూస్తూ ఎలాగో అనేసింది. గొంతు వణికింది. ఆవిడ విని కూడా విననట్టు ఊరుకుంది. ఆటో కదిలి వెళ్ళిపోయాక వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చుంది. ఒకపూట కూరకి ఎన్ని కావాలో అన్నీ తరిగి, ఇంకా తరుగుతూనే ఉంది. వంటామె ఏదో అనబోతే నేనే సైగ చేసి ఆపాను.

ఇలా రెండేళ్ళు గడిచాక గ్రాంటు గడువు దగ్గరపడింది. పొడిగించాలంటే ఫలితాలు చూపించమన్నారు. వెళ్ళిపోయిన పిల్లలు ఎక్కడ ఉన్నారు, ఎలా ఉన్నారు, ఆధారాలేవి? ఆవిడ దగ్గర చిరునామా లేదు, ఫోన్ నంబరు లేదు. ఉంచుకోలేదు. కాగితం మీద ఉన్నదేదైనా ఒకనాటికి ఎవడో ఒకడు చదువుతాడని ఆవిడ నమ్మకం. నేను నాకొచ్చిన ఇంగ్లీషంతా వాడి పేజీలకి పేజీలు రాసాను. వాళ్ళు మర్యాదగా జవాబిచ్చారు, మనిషిని పంపిస్తున్నామని.

వచ్చిన ఆఫీసరమ్మ చిన్నది, మంచిది. పిల్లలతో కింద కూర్చుని అన్నం తింది. వెళ్ళే ముందు ఆవిణ్ణి పక్కకి పిలిచి బతిమాలినట్టే అడిగింది.

"ఒక్క అమ్మాయిని చూపించండి మేడమ్. పేరొద్దు, ఫొటో కూడా వద్దు. నేను కళ్ళారా చూసాను, బాగుంది అని రాస్తే చాలు, మావాళ్ళని నేను ఒప్పిస్తా. లేకపోతే కష్టమండి."

"మీరు మంచివారమ్మా. కానీ వచ్చే ఏడు ఇంకొకరు వస్తారు. వాళ్ళూ కళ్ళారా చూడాలంటారు. ఆ పిల్లకిక జన్మంతా చూపులేనా?"

"మసక చీకట్లో, కారులోంచే చూస్తా మేడమ్."

"ఆ ఇంటి ముందు మీ కారు ఆగితే చాలమ్మా, మా ఊళ్ళో తెల్లారేసరికి కథ అల్లేస్తారు."

నేను మధ్యలో దూరబోయాను. ఆవిడ నావైపు ఒక్క చూపు చూసింది, నోరు మూసుకున్నాను.

ఆఫీసరమ్మ హైదరాబాదు తిరిగి వెళ్తోంది. మా పేట ఆ దారికి కాస్త పక్కన. నన్ను దింపుతానంది. ఆవిడకీ పేటలో కోర్టు పనుండి, ఇద్దరం వెనక సీట్లో కూర్చున్నాం. చిల్లకల్లు దగ్గర హైవే దిగి ఊళ్ళోకి వచ్చాక ఆఫీసరమ్మ ఉన్నట్టుండి, "అయ్యో, ఆపండాపండి! మట్టిగాజులు! మా చెల్లి తెమ్మంది" అంటూ కారాపించి ఒక కొట్లోకి వెళ్ళిపోయింది. తోడుగా నేనూ దిగాను.

కొట్లో ఉన్నది ఆ పిల్లే. వాటేసుకునే పిల్ల. కాస్త ఒళ్ళు చేసింది, నుదుట ఇంత బొట్టు, మెళ్ళో సూత్రాలు, కౌంటరు వెనక ఉయ్యాల్లో బిడ్డ. నన్ను చూసింది. ఒక్క క్షణం. "రండమ్మా, కూర్చోండి" అంది, ఎవర్నయినా అన్నట్టే. ఆఫీసరమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, వేళ్ళ కణుపులు నొక్కుతూ, కబుర్లు చెబుతూ, ఒక్కటి కూడా చిట్లకుండా డజను గాజులు ఎక్కించింది. రంగు బాగా నప్పిందని మెచ్చుకుంది. పాతిక రూపాయలు తగ్గించమంటే నవ్వుతూ పదే తగ్గించింది. నేను కారువైపు చూసాను. ఆవిడ అటు తిరిగి రోడ్డుకి అవతల ఉన్న చెప్పుల కొట్టు చూస్తోంది. చెప్పుల్లో ఏముందని అంత సేపు చూడ్డానికి!

ఆఫీసరమ్మ కారెక్కి గాజులు గలగలలాడించింది. "ఎంత చక్కగా మాట్లాడిందో ఆ అమ్మాయి! మేడమ్, నిజంగా చెబుతున్నా, మీ దగ్గరున్న పిల్లలు కూడా ఒకరోజు అలా ధైర్యంగా కొట్టు పెట్టుకుని కూర్చుంటే ఎంత బాగుంటుందో కదా!"

నిజం నా నాలుక చివరిదాకా వచ్చేసింది. సీటు కింద ఆవిడ నా కాలు గట్టిగా తొక్కింది.

"బాగుంటుందమ్మా" అంది ఆవిడ. "చాలా బాగుంటుంది."

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. మీ సేవ పట్ల గౌరవం ఉంది కానీ ఫలితాలకి ఆధారాలు చాలలేదు, గ్రాంటు పొడిగించలేకపోతున్నాం అని. నేనే చదివి తెలుగులో చెప్పాల్సి వచ్చింది. చెబుతూనే ఏడ్చాను, తిట్టాను కూడా. "ఒక్క మాట! ఆ రోజు ఒక్క మాట అనుంటే ఈ ఇల్లు నిలబడేది కదండీ!"

"ఒక్క మాటేనండీ" అంది. "కానీ అది నాది కాదుగా, ఆ పిల్లది."

అప్పుడు ఇంట్లో ఉన్న పిల్లల్ని విజయవాడలో ప్రభుత్వ హోముకి మార్చారు. వ్యాను వచ్చిన రోజున ఆవిడ పొద్దుట్నించీ జడలు వేస్తూనే ఉంది. ఆ పిల్లల గురించి ఆవిడకి దిగులు తీరలేదు. తప్పు చేసానా అని ఒకసారి నన్ను అడిగింది. ఆ జవాబు నాకిప్పటికీ తెలియదు.

తర్వాత నందిగామలోనే రెండు గదుల్లో ఉండేది. పాత వంటామె అప్పుడప్పుడూ వచ్చి చూసి పోయేది. నేను వెళ్తే ఎదురొచ్చి కూర్చోబెట్టేది. ఏవేవో మాట్లాడుకున్నాక, నేను లేవబోయే ముందు, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు, "మీ ఊళ్ళో గాజుల రేట్లెలా ఉన్నాయండీ?" అని అడిగేది. జన్మలో గాజు తొడిగి ఎరగని మనిషి. "పెరిగినాయి. కొట్టు పక్క గది కూడా కలిపేసారు" అనేదాన్ని. లేకపోతే, "రెండోవాడు నడుస్తున్నాడు" అనేదాన్ని. "అట్టాగా" అనేది, అంతే. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు పట్టుకెళ్ళడం కోసం నేను అవసరం లేకపోయినా ఆ కొట్టుకి వెళ్ళి గాజులు కొనేదాన్ని. మా ఆయన పోయాక గాజులేంటని ఊరన్నా, ఈ వయసులో నాకున్నన్ని గాజులు కొత్త పెళ్ళికూతురికి ఉండవు. ఆ పిల్లకీ నాకూ మధ్య రంగూ సైజూ తప్ప ఇంకో మాట లేదు. బజార్లో మాత్రం ఆవిడ నాకు గొడుగే చూపించింది, చివరిదాకా.

ఒకరోజు వంటామె ఫోన్ చేసింది, ఆవిడ పోయిందని. జ్వరం వచ్చి రెండ్రోజులుందట, ఎవరికీ చెప్పొద్దందట. నేను వెళ్ళేసరికి పెట్టె తెచ్చారు. సమాధుల తోటలో పాస్టరుగారు, వంటామె, ఇంటి ఓనరు, నేను, తవ్వినవాళ్ళు. పాస్టరుగారు ప్రార్థన అయ్యాక, ఎవరైనా రెండు మాటలు మాట్లాడతారా అని చుట్టూ చూసారు. చుట్టూ ఎవరున్నారు గనక!

"ఇన్నేళ్ళు పిల్లల్ని సాకిందంటారు. ఒక్కరన్నా రాలేదేంటండీ?" అన్నాడు ఓనరు.

"బతికున్నప్పుడు ఎవర్నన్నా పలకరిస్తేగా రావడానికి" అన్నాడు తవ్వినతను, చెడు ఉద్దేశమేం లేకుండానే.

అతని మీద పడి కొట్టాలనిపించింది. అందరికీ వినబడేలా అరిచి చెప్పాలనిపించింది, ఆవిడ వంచిన గొడుగు చాటున ఎంతమంది ఇవాళ నీడపట్టున బతుకుతున్నారో. చెప్పలేదు. గుప్పెడు మట్టి వేసి వచ్చేసాను. వంటామె వెనకే వచ్చి, "మీ దగ్గర ఉంచండమ్మా, నేను చూడలేను" అని ఆ గొడుగు నా చేతిలో పెట్టింది.

మర్నాడు గొడుగు పట్టుకుని కొట్టుకి వెళ్ళాను. అత్తగారు గల్లాపెట్టె దగ్గర కూర్చునుంది. నేను గొడుగు కౌంటరు మీద పెట్టాను. ఆ పిల్ల గొడుగు చూసింది. నన్ను చూసింది. నేను తల దించుకున్నాను.

"ఏం రంగండీ?" అంది.

"నీ ఇష్టం" అన్నాను.

నా చెయ్యి తీసుకుని కణుపులు నొక్కడం మొదలుపెట్టింది. మొదటి గాజు ఎక్కింది.

"ఈ గొడుగెక్కడిదండీ టీచర్‌గారూ? ఆ నందిగామ పొగరుమనిషి దగ్గర చూసినట్టుందే!" అంది అత్తగారు.

"ఆవిడదేనండి. పోయింది నిన్న."

"అయ్యో పాపం! పోయినావిణ్ణి అనకూడదుగానీ, ఒక్కనాడు మనిషి మొహం చూసి ఎరగదు. మన కొట్టు ముందు నుంచే పోయేది, అడ్డంగా గొడుగెట్టుకుని." కోడలివైపు తిరిగింది. "ఏవే, నీకు తెలుసా ఆవిడ?"

వరండాలో నేను అడిగిన ప్రశ్నే.

"ఎవరో అత్తయ్యా" అంది ఆ పిల్ల, గాజు మీంచి చూపు ఎత్తకుండా. "నేనెప్పుడూ చూడలేదు."

గొంతు వణకలేదు. కళ్ళు తడవలేదు. ఆవిడ అక్కడే ఉండి విన్నా, మళ్ళీ అనడానికి ఏమీ దొరికేది కాదు. ఏడ్చింది నేను. అరవయ్యేళ్ళు దాటినదాన్ని, నడికొట్లో, ముక్కు చీదుకుంటూ.

"అయ్యయ్యో, గాజు గుచ్చుకుందా టీచర్‌గారూ?"

"అవునండి. చెయ్యి గట్టిపడిపోయింది."

"ఇంకొక్కటేనండి" అంది ఆ పిల్ల. ఆ ఒక్కటీ ఎక్కించింది. ఎక్కించాక కూడా, సరిచేస్తున్నట్టు, నా చెయ్యి రెండు చేతుల మధ్య పెట్టుకుని చాలాసేపు వదల్లేదు. అత్తగారు చిల్లర కోసం వెతుక్కుంటోంది.

బయటికి వచ్చాను. మబ్బుగా ఉంది. నా కళ్ళింకా ఆగలేదు. ఎదురుగా ఎవరో తెలిసినావిడ, "టీచర్‌గారూ! ఎటు బయల్దేరారు?" అంటూ నవ్వుకుంటూ వస్తోంది. గొడుగు విప్పి ఆవిడవైపుకి వంచాను.